హాంగ్‌కాంగ్ జావకొట్టు పొద్దుటి పూట

షామ్ షుయ్ పో, యౌ మా తేయ్, షౌ కేయ్ వాన్. హాంగ్‌కాంగ్‌లోని ఈ పాత పేటల్లో అందరికంటే ముందు పొయ్యి అంటించేది జావకొట్టే. ఆరింటికి షట్టర్ పైకి లేవాలంటే మూడు, మూడున్నరకల్లా ఎసరు తెర్లుతూ ఉండాలి. తెల్లవారేసరికి వీధంతా ఒకే వాసన: ఉడికిన బియ్యం, కాగిన నూనె, మధ్యలో అల్లం.

కొట్టు పెద్దదేం కాదు. ఏడెనిమిది మడతబల్లలు, వీపుకు ఆనుకోవడానికేమీ లేని గుండ్రటి స్టూళ్లు, తెల్ల టైల్స్ గోడ, గోడ మీద ఎర్ర అక్షరాల ధరల పట్టిక. వంటంతా వీధి వైపే. అద్దం వెనక రొట్టెల ట్రేలు, పక్కన నడుమెత్తు గట్టులో దింపిన పెద్ద అల్యూమినియం డేగిసా, దాని మీద ఎప్పుడూ ఆవిరి. బల్ల మీద సోయాసాస్ సీసా, తెల్ల మిరియాల పొడి డబ్బా, చాప్‌స్టిక్స్ గొట్టం తప్ప వేరే అలంకారం ఉండదు. ఖాళీ స్టూలు కనిపిస్తే ఎవరి పక్కనైనా కూర్చోవాల్సిందే, దాన్ని దాప్ తొయ్ అంటారు. యూనిఫాంలో బడిపిల్లలు, రాత్రి డ్యూటీ దిగిన టాక్సీ డ్రైవర్లు, పార్కులో తాయ్ చీ ముగించుకొని వచ్చిన ముసలివాళ్లు ఒకే బల్లకు చేరేవాళ్లు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోయినా మిరియాల డబ్బా మాత్రం అడక్కుండానే పక్కవాళ్ల ముందుకు జరిగేది.

మన గంజి లాంటిదని ఊహించుకుంటే లెక్క తప్పుతుంది. గంజి అంటే అన్నం వార్చిన నీళ్లు. జుక్ అంటే అన్నమూ నీళ్లూ విడదీయలేనంతగా కలిసిపోయిన జావ. ఆ కలిసిపోవడం దగ్గరే ఆ కొట్ల పనితనమంతా ఉంది. మంచి జావను మిన్ అని మెచ్చుకుంటారు. నాలుక మీద మెతుకు తగలకూడదు, జిగురూ ఉండకూడదు, పట్టుగా జారిపోవాలి.

అలా రావడానికి పని ముందు రాత్రే మొదలవుతుంది. బియ్యం కడిగి, నీళ్లు వడేసి, కొంచెం ఉప్పూ నూనే పట్టించి నానబెడతారు. కొన్ని కొట్లలో ఒకటి రెండు పేయ్ దాన్ (క్షారంలో ఊరబెట్టిన నల్లటి బాతుగుడ్లు) కూడా చిదిమి కలుపుతారు. ఆ క్షారం బియ్యాన్ని త్వరగా విరగదీస్తుంది. నానిన గింజలో సన్నటి పగుళ్లు పడతాయి. ఆ గింజను తెర్లే ఎసట్లో పోస్తే పైపొర ఉబ్బే వేగానికి లోపలి గట్టిభాగం తట్టుకోలేక పూవులా విచ్చుకుంటుంది. చన్నీళ్లలో వేసి మెల్లగా కాచిన బియ్యం అలా విచ్చుకోదు, మెత్తబడుతుంది అంతే. పైగా అడుగుకు చేరి అంటుకుంటుంది.

కొలత ఒక గిన్నె బియ్యానికి పన్నెండు నుంచి పద్నాలుగు గిన్నెల నీళ్లు. మొదటి అరగంట పెద్ద మంట, గింజలు అడుగు నుంచి పైకి, పై నుంచి అడుగుకు దొర్లుతూ ఉండాలి. ఆ దొర్లడంలోనే ఒకదానికొకటి రాసుకొని కరుగుతాయి. తర్వాత మంట కాస్త తగ్గించి రెండు, రెండున్నర గంటలు. ఎసట్లోకి ఎండబెట్టిన సోయాపాల మీగడ రేకులు, గింకో చెట్టు గింజలు పడతాయి. మీగడ రేకులు పూర్తిగా కరిగి జావకు పాలరంగు, చిక్కదనం ఇస్తాయి. గింకో గింజ మధ్యలోని పచ్చటి మొలక తీసేయకపోతే చేదు. చిన్నపిల్లలకు ఆ గింజలు ఎక్కువగా పెట్టకూడదన్నది అక్కడి ఇళ్లలో అందరికీ తెలిసిన జాగ్రత్త. శాకాహారం కానిచోట పంది ఎముకలు, దోరగా కాల్చి దంచిన ఎండు చేపపొడి గుడ్డలో మూటగట్టి వేస్తారు. ఖరీదైన కొట్లలో ఎండబెట్టిన స్కాలప్ (ఒక రకం సముద్రపు గుల్ల మాంసం) కూడా పడుతుంది. ఇవేవీ నాలుకకు విడివిడిగా తెలియకూడదు. తెలిస్తే ఎక్కువ పడ్డట్టు.

ఇక్కడ చెడగొట్టేవి రెండే. చిక్కబడిందని మధ్యలో చన్నీళ్లు పోయడం మొదటిది. పోసిన వెంటనే ఏమీ తెలియదు. గిన్నెలోకి వడ్డించాక మాత్రం పైన నీళ్లు, కింద మెతుకు వేరైపోతాయి. పోయక తప్పకపోతే తెర్లుతున్న నీళ్లే పోయాలి. రెండోది అడుగంటడం. అడుగు మాడిందని వాసన తెలియగానే గరిట ఆపేయాలి, గీకకూడదు. పైజావను మెల్లగా ఇంకో గిన్నెలోకి ఒంపుకుంటే పూట దక్కుతుంది. ఒక్కసారి గీకారా, మాడు వాసన డేగిసా అంతా పాకుతుంది, దాన్ని అల్లంతోనూ మిరియాలతోనూ కప్పలేం.

జావ బాగుందో లేదో గరిటెతోనే తెలుస్తుంది. ఎత్తి పోస్తే తెగకుండా రిబ్బన్‌లా పడాలి. గిన్నెలో పది నిమిషాలు కదపకుండా ఉంచితే నీళ్లు పైకి తేలకూడదు. ఒక్క మాట: తింటూ తింటూ చివరి నాలుగు చెంచాలకు వచ్చేసరికి జావ పలచబడితే కొట్టును తప్పుపట్టక్కర్లేదు. నోట్లో పెట్టిన చెంచాను మళ్లీ గిన్నెలో ముంచుతాం కదా, లాలాజలంలోని ఎంజైమ్ పిండిపదార్థాన్ని కరిగించేస్తుంది. మెల్లగా తినేవాళ్ల గిన్నెలో ఇది బాగా కనిపిస్తుంది.

డేగిసాలో ఉన్నది బాక్ జుక్, తెల్లజావ. హోటళ్ల యాసలో దీనికి అందగత్తె అని ముద్దుపేరు, తెల్లన్నానికేమో అందగాడని. దీన్ని ఉత్తిగానే తాగేవాళ్లు బోలెడుమంది. కానీ కొట్టుకు పేరు తెచ్చేది సాంగ్ గ్వాన్ జుక్, అంటే అడిగిన తర్వాత పచ్చి సరుకు వేసి అప్పటికప్పుడు మరిగించిన జావ. మూడు గంటల పని డేగిసాలో అయిపోయింది, ఇప్పుడిక మూడు నిమిషాల పని. పిడి ఉన్న చిన్న గిన్నెలోకి రెండు గరిటెల తెల్లజావ పోసి పెద్ద మంట మీద పెడతారు. బుడగలు లేవగానే చేపముక్కలో మాంసమో వేసి, ఒకసారి కలిపి, మళ్లీ తెర్లు వచ్చాక సరుకు సరిగ్గా ఉడికేదాకా ఉంచి దించుతారు. వడ్డించే గిన్నె అడుగున సన్నగా తరిగిన లెట్యూస్ ముందే వేసి ఉంటుంది, జావ వేడికే అది వాడుతుంది. పైన అల్లం తురుము, ఉల్లికాడలు, తెల్లమిరియాలు. ఉల్లికాడలూ కొత్తిమీరా వద్దనుకుంటే జౌ చెంగ్ అంటే చాలు.

చేప జావకు ఎక్కువగా వాడేది గడ్డిచేప, గ్రాస్ కార్ప్. అందులోనూ పొట్టభాగం, ఎందుకంటే కొవ్వంతా అక్కడే. మంచినీటి చేప కాబట్టి బురదవాసన పెద్ద గండం. పొట్ట లోపలి నల్లటి పొరను కత్తితో పూర్తిగా గీకి, వెన్నుపక్క నెత్తురు కడిగేస్తే సగం వాసన పోతుంది. మిగతా సగం అల్లమూ, ఎండబెట్టి పాతబెట్టిన కమలా తొక్కా చూసుకుంటాయి. పక్కనే చిన్న సాసర్లో సోయాసాస్, కొంచెం కాచిన నూనె, అల్లం. చేపముక్కను జావలోంచి తీసి అందులో అద్దుకొని తినాలి. సాస్‌ను జావలో కుమ్మరిస్తే మాత్రం గంటల తరబడి కాచిన తెల్లరుచి ఒక్కసారిగా పోతుంది.

ఇంతకుముందు ఇంకో పద్ధతి ఉండేది. కాగితమంత పలచగా కోసిన పచ్చి చేపముక్కలు వేరే పళ్లెంలో వచ్చేవి. పొగలు కక్కే జావలో తినేవాళ్లే ముంచుకొని, తెల్లబడగానే నోట్లో వేసుకునేవాళ్లు. అంత పలచగా కోయడానికి కత్తీ చెయ్యీ రెండూ కావాలి. 2015లో సింగపూర్‌లో ఇలాంటి మంచినీటి చేపల నుంచి గ్రూప్-బి స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా సోకి జనం జబ్బుపడ్డారు. అదే ఏడాది చివర్లో అక్కడ వండని మంచినీటి చేపను హోటళ్లలో వడ్డించడం నిషేధించారు. హాంగ్‌కాంగ్ నిబంధనల్లోనూ పచ్చి చేప జావ అమ్మడం నిషిద్ధమే. గిన్నెలోకి దిగిన జావ ఒక్కో ముక్కకూ వేడి తగ్గుతూ పోతుంది, బ్యాక్టీరియాను చంపేంత వేడి చివరి ముక్కలకు దక్కదు. నిషేధం సరైనదే. అయినా ఆ పళ్లెం గుర్తొస్తే మనసు లాగుతుంది, ఆ కత్తిపని ఇక నేర్చుకునేవాళ్లు ఉండరు కదా అని.

పంది కాలేయం వేసే జావకూ ఇదే ఇరకాటం. పావు అంగుళం కంటే పలచగా కోసి, నెత్తురు పోయేదాకా నీళ్లు మార్చి నానబెట్టి వండితే మెత్తగా ఉంటుంది. నిమిషాలు మీరితే ఇసుక నమిలినట్టుంటుంది. పాత వంటవాళ్లు మధ్యలో గులాబీరంగు ఉండగానే దించేసేవాళ్లు. హెపటైటిస్-ఈ వైరస్ భయంతో ఇప్పుడు లోపలిదాకా ఉడికించాల్సిందే. అందుకే ఈ కాలంలో కాలేయం జావ బాగుందంటే, ఆ కొట్టువాడికి పలచగా, అంతా ఒకే మందంలో కోయడం వచ్చని అర్థం.

కాలేయం, పేగు, మాంసపు ఉండలు మూడూ కలిస్తే కప్ దాయ్ జుక్. మింగ్ రాజుల కాలంలో 1499 నాటి రాజపరీక్షలో మొదటి స్థానం తెచ్చుకున్న లున్ మన్ జుయ్ అనే పండితుడు పేదరికంలో ఉన్నప్పుడు ఓ జావకొట్టు యజమాని పెట్టిన జావ ఇదని కథ. పరీక్షల రోజు పిల్లలకు తినిపించడానికి ఆ కథ ఒక్కటి చాలు. తెంగ్ జాయ్ జుక్ అంటే పడవజావ. దక్షిణ చైనాలోని క్వాంగ్‌చౌ నగరంలో లిచీ తోటల పక్క కాలువల్లో పడవల మీద అమ్మేవాళ్లట. చేప, స్క్విడ్, గుడ్డు అట్టు పోగులు, వేయించిన వేరుశనగలు అన్నీ ఒకే గిన్నెలో పడతాయి. వేరుశనగలు చివర్న వేయాలి, ముందే వేస్తే కరకర ఉండదు. ఇళ్లలో ఎక్కువగా చేసుకునేది పేయ్ దాన్, ఉప్పుమాంసం జావ. ముందురోజు మాంసానికి ఉప్పు పట్టించి ఉంచి, జావలోనే ఉడికించి పోగులుగా చీలుస్తారు. నల్లగుడ్డు సగం ముందే వేసి కరగనిచ్చి, సగం దించే ముందు వేస్తే రుచీ ఉంటుంది, ముక్కా కనిపిస్తుంది.

జావ మెత్తన కాబట్టి పక్కన కరకరలాడేది ఉండాలి. అది యౌ జా గ్వై, మూరెడు పొడవున్న వేపుడు రొట్టె. 1142లో యో ఫే అనే సేనానిని చంపించిన మంత్రి చిన్ హుయ్‌నూ అతని భార్యనూ పిండితో చేసి నూనెలో వేశారని, అందుకే రెండు కడ్డీలు అతుక్కుని ఉంటాయని చెప్పుకుంటారు. పనివాణ్ణి అడిగితే వేరే కారణం చెబుతాడు. పిండిని సెంటీమీటరు మందాన పరిచి, రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, సన్నటి కడ్డీతో నడుమ నిలువుగా ఒక్క నొక్కు నొక్కుతారు. నూనెలో పడగానే బయటి వైపు పొర గట్టిపడుతుంది, కానీ రెండు ముక్కలూ అతుక్కున్న చోట నూనె తగలదు. ఆ మెత్తని అతుకు దగ్గర్నుంచే ఆవిరి పిండిని ఉబ్బిస్తుంది. ఒంటి ముక్క వేయిస్తే అంత ఉబ్బదు. నొక్కు తక్కువైతే నూనెలో రెండూ విడిపోతాయి, ఎక్కువైతే నడుమ చదునైపోయి ఉబ్బడం ఆగుతుంది.

పిండిలో ఉప్పు, వంటసోడా, పటిక, అమ్మోనియం బైకార్బొనేట్ పడేవి. అల్యూమినియం వద్దనుకొని ఇప్పుడు చాలామంది పటిక లేని బేకింగ్ పౌడర్‌కు మారారు. మైదా పిండిని పిడికిళ్లతో అదిమి, మడిచి, ఇరవై నిమిషాలు వదిలి, మళ్లీ అదిమి, ఆ తర్వాత గంటల తరబడి ఊరనివ్వాలి. ఊరని పిండి లాగితే రబ్బరులా వెనక్కి ముడుచుకుంటుంది, మూరెడు సాగదు. నూనె 200 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. తక్కువైతే నూనె తాగి బరువుగా కూలబడుతుంది, మరీ ఎక్కువైతే ఉబ్బకముందే పైపొర బిగుసుకుంటుంది. రెండు చేతులతో సాగదీసి ముందు నడుమభాగం నూనెకు తగిలించి వదలాలి. పొడవాటి చాప్‌స్టిక్స్‌తో ఆపకుండా దొర్లిస్తూనే ఉండాలి. ఆపితే కిందివైపే ఎర్రబడి వంకరగా ఉబ్బుతుంది. విరిచినప్పుడు ఘాటు వాసన ముక్కుకు కొడితే లోపల అమ్మోనియా ఇంకా పోలేదని, వేపుడు చాలలేదని గుర్తు.

ఇదే నూనెలో హామ్ జిన్ బెంగ్ అనే గుండ్రటి ఉప్పురొట్టె, ఎద్దు నాలుక ఆకారంలో ఇంకో తియ్యరొట్టె వేగుతాయి. రెండోదాన్ని తెల్లజావలో ముంచుకుంటే పిల్లలు గిన్నె ఖాళీ చేసేస్తారు.

అవతలి పక్క ఆవిరి పెట్టె. పలచటి బియ్యప్పిండిని తడిగుడ్డ మీద పోసి, మూతపెట్టి, నిమిషం, నిమిషంన్నర ఆవిరి పట్టి, గుడ్డ తిరగేసి రేకును ఊడదీసి చుడితే చెయుంగ్ ఫన్. ఎండురొయ్యలు, ఉల్లికాడలు చల్లిన రకానికి గిరాకీ ఎక్కువ. పిండి గిన్నె అడుగుకు పేరుకుంటుంది కాబట్టి ప్రతి గరిటెకూ కలపాలి. ఇది మరిచిపోతే మొదటి రేకులు చిరుగుతాయి, చివరివి చెక్కలా వస్తాయి. ఆవిరి బలం తగ్గితే రేకు బంకబంకగా ఉండి గుడ్డను వదలదు. ఏమీ పెట్టని ఉత్తి చుట్టలను కత్తెరతో ముక్కలు చేసి సోయాసాస్, తీపిసాస్, నువ్వుల ముద్ద పోసి, వేయించిన నువ్వులు చల్లి ఇస్తారు. షామ్ షుయ్ పోలో హాప్ యిక్ తాయ్ ముందు వరసలు కట్టేది వీటికోసమే.

వేపుడు రొట్టెనే ఈ రేకులో చుడితే జా లెయుంగ్. నాకు ఆ కొట్లలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. బయట జారుడు, లోపల కరకర, మీద తియ్యటి సోయా. కానీ దాని ఆయుష్షు అయిదు నిమిషాలు. వేడి రేకులోని తేమ రొట్టెలోకి దిగడం చుట్టిన క్షణం నుంచే మొదలవుతుంది. పార్సిల్ కట్టించుకుంటే ఇంటికి చేరేసరికి రెండూ మెత్తనే. రొట్టె వేగే వేళా, ఆవిరి రేకు వచ్చే వేళా కలిపే వంటవాళ్లున్న కొట్లలోనే తినాలి. ఈ కొట్లలోనే వేయించే సోయాసాస్ నూడుల్స్ సంగతి రెండు ముక్కలు: మూకుడు బాగా కాగాలి, కలపడానికి అట్లకాడ కాక చాప్‌స్టిక్స్ వాడాలి, లేకపోతే పోగులు తెగుతాయి.

రొట్టె, రేకు, జావ అన్నీ వేళకు కుదిరే ఈ తూకమే ఇప్పుడు తప్పుతోంది. అద్దెలు పెరిగాయి, తెల్లవారుజామున మూడింటికి లేచి పిండి పిసికేవాళ్లు తగ్గారు. చాలాచోట్ల రొట్టెలు ఫ్యాక్టరీలో వేగి వస్తాయి, కొట్టులో మళ్లీ నూనె చూపిస్తారంతే. జావను కూడా మిక్సీ పట్టి, మొక్కజొన్న పిండితో చిక్కబరచడం మొదలైంది. దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. చెంచా ఎత్తితే జిగురుగా సాగుతుంది, చల్లారాక జెల్లీలా గట్టిపడుతుంది. వీధి పక్క అంగళ్లకు కొత్త లైసెన్సులు ఇవ్వడం ఎప్పుడో మానేశారు, ఉన్నవాటిలో చాలావరకు మార్కెట్ భవనాల పై అంతస్తుల్లోకి వెళ్లాయి. మాంగ్ కాక్‌లో ఫా యున్ వీధి మార్కెట్ మీదున్న మూయ్ కీ పేరు అలా పైకి ఎక్కి నిలబడినవాళ్లలో ముందు వినిపిస్తుంది. షెయుంగ్ వాన్‌లో సాంగ్ కీ చేప జావకు, సెంట్రల్‌లో లా ఫూ కీ వేయించిన చేప ఉండలకు పేరున్నవి.

ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్లకు మన సోనా మసూరి పనికొస్తుంది, అయితే కొత్త బియ్యం కావాలి. పాత బియ్యం అన్నానికి మేలే గానీ జావకు పొడిపొడిగా విడిపోతుంది. బాస్మతి అసలు వద్దు. నూకలు దొరికితే మూడోవంతు కలిపితే త్వరగా కరుగుతుంది. 100 గ్రాముల బియ్యం కడిగి, అర చెంచా ఉప్పు, చెంచా నూనె పట్టించి గంట సేపు ఉంచండి. వాసన రాని వేరుశనగ నూనె అయితే మంచిది. ఒకటిన్నర లీటరు నీళ్లు తెర్లాక బియ్యం పోసి, మొదటి పది నిమిషాలు అడుగు నుంచి కలుపుతూ, తర్వాత గరిటెను గిన్నె అంచుకు అడ్డంగా ఉంచి మూత ఓరగా పెడితే పొంగదు. గంటన్నరకు దించుకోవచ్చు. ఓపిక లేకపోతే నానిన బియ్యాన్ని నీళ్లు వడేసి రాత్రంతా ఫ్రీజర్లో పెట్టండి. గింజలోని తేమ గడ్డకట్టి లోపల్నుంచే చీలుస్తుంది, అరగంటలో విచ్చుకుంటుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది. వేడినీళ్లు చేర్చి, సన్నమంట మీద కలుపుతూ కాస్తే మళ్లీ జారుతుంది.

హాంగ్‌కాంగ్ వెళ్లేవాళ్లు మాత్రం తొమ్మిదిలోపు వెళ్లండి. అప్పటికి డేగిసాలో పైభాగం అయిపోయి నడుమ జావ నడుస్తుంటుంది, అది అన్నిటికంటే చిక్కన. ముందు ఒక చిన్న గిన్నె బాక్ జుక్, ఒక జా లెయుంగ్ చెప్పండి. ఆ రెండూ బాగుంటేనే చేప పొట్ట జావ అడగండి, అల్లం సాసర్ పక్కన ఇమ్మనండి. జావను గిన్నె నడుమ నుంచి కాకుండా అంచు నుంచి, పైపైన చెంచాతో తీసుకుంటూ తినండి. నడుమ ఇంకా నాలుక కాలేంత వేడి ఉంటుంది. మాంసం తినని మనవాళ్లు బాక్ జుక్ చెప్పేముందు ఎముకలూ ఎండుచేపా పడ్డాయేమో అడగడం మర్చిపోవద్దు. చూడ్డానికి తెల్లగా ఉన్నంత మాత్రాన అది శాకాహారం కాదు.